తెల్ల చార

మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి డిక్కీలోని రెండు సబ్‌వూఫర్ స్పీకర్లనూ కలిపి మోగించారు. కారులో మోత రాలేదు.

అంతకు ముందు విడివిడిగా మోగించినప్పుడు రెండూ పనిచేశాయి. పెద్దది పన్నెండు అంగుళాలది. దాన్ని ఒక్కదాన్నే పెడితే డిక్కీ రేకు అదిరింది. చిన్నది పది అంగుళాలది. దాన్ని పెట్టినా అదిరింది, కాస్త తక్కువగా. రెండూ కలిసేసరికి సంతలో అరిచి అరిచి ఇంటికొచ్చినవాడిలా గొంతు లేకుండా పోయింది.

మేస్త్రీ షాపు లోపల బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పదకొండున్నరకు అతని నడుము పట్టేసింది. బల్ల మీంచి చూస్తే తెరిచిన డిక్కీ, అందులోకి వంగిన బావమరిది వీపు కనిపిస్తాయి. మిగతాదంతా విని తెలుసుకోవాలి.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు బావా. అదే అయింది."

కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఒకామె బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. బిడ్డ ఏడుపు ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆమె, ఆమె భర్త పొద్దున్న తొమ్మిదింబావుకు వచ్చారు. భర్త బేకరీలో పనిచేస్తాడు. తెల్లవారుజామున రెండింటికి డ్యూటీ ఎక్కి పిండి కలుపుతాడు, ఓవెన్ చూస్తాడు. భార్య కూడా అక్కడే పనిచేసేది, కడుపుతో ఎనిమిదో నెల వచ్చేదాకా. ఆమె నిలబడే చోటు ఓవెన్‌లో వేడిగాలి తోసే బ్లోయర్ పక్కనే. పుట్టిన దగ్గర్నుంచీ ఆ బ్లోయర్ మోత లేనిదే పిల్లాడు నిద్రపోడు. ఈ సంగతి కనిపెట్టడానికి వాళ్ళకు రెండు నెలలు పట్టింది. ఓవెన్ దగ్గరికి పసివాణ్ణి యజమాని రానివ్వడు. ఆ మోతను ఫోన్‌లో రికార్డు చేసి ఇంట్లో వినిపిస్తే, ఫోన్ స్పీకర్లో అది దోమ పాటలా వచ్చింది. కారులో పెడితే వెనకనున్న రెండు సబ్‌వూఫర్లూ దాన్ని దాని గొంతుతో పలికాయి. సీటు వణికింది. పిల్లాడు పడుకున్నాడు. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం కారులో వాణ్ణి తిప్పి నిద్రపుచ్చడం, వాడు పడుకున్నాక వీళ్ళు పడుకోవడం అలవాటైంది.

పోయిన వారం ఒక సబ్‌వూఫర్ కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు తయారు కావడం లేదు. ఆమె అక్క మొగుడు తన పాత కారులోంచి పీకి ఒకటి ఇచ్చాడు.

"తోడల్లుడు ఇచ్చిన సామాను," అన్నాడు బేకరీ అతను, ఆ పది అంగుళాల స్పీకర్‌ను బల్ల మీద పెడుతూ. "పనిచేస్తే నా అదృష్టం. చేయకపోతే ఆయనకి థాంక్సు చెప్పాల్సిన పని తప్పుతుంది."

అది చెప్పి టైర్ల స్టాండుకు ఆనుకున్నాడు. ఆనుకున్నవాడు అలాగే కళ్ళు మూశాడు. భార్య లేచి వెళ్ళి అతని భుజం తట్టింది.

"నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగాడు మేస్త్రీ.

"లెక్క తప్పిందన్నా. బుధవారం అనుకుంటా." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న రాత్రి కునుకు పట్టి పిండి మిషన్‌లోకి చెయ్యి పోనిచ్చాడంట. అది తిరుగుతోంది. పక్కనున్నాయన స్విచ్చి కొట్టబట్టి సరిపోయింది. ఈ రాత్రి రెండింటికి మళ్ళీ అదే మిషన్. ఈ సాయంత్రం వీడు పడుకోకపోతే ఆయన పడుకోడు. సెలవడిగితే ఇవ్వం అన్నారు."

మేస్త్రీ అతని చేతులకేసి చూశాడు. పది వేళ్ళూ ఉన్నాయి. కుడి మణికట్టు మీద ఎర్రగా గీరుకుపోయిన గీత ఉంది.

"మధ్యాహ్నానికల్లా ఇచ్చేస్తాలేమ్మా," అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని మధ్యాహ్నం బల్ల మీద పడుకుని అనుకున్నాడు.

జత కాని స్పీకర్లను కలపడం అతనికి కొత్త కాదు. కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డును మీటరుతో కొలుస్తారు. పెద్దదానిది నాలుగు ఓములు, చిన్నదానిది రెండు. రెంటినీ పక్కపక్కన కట్టి యాంప్లిఫైయర్‌కు ఇస్తే మొత్తం అడ్డు ఒకటిన్నర కూడా ఉండదు. ఆ యాంప్ రెండుకు తక్కువైతే ఎర్ర లైటు వెలిగించి మూతి ముడుచుకుంటుంది. అందుకని రెంటినీ గొలుసులా కట్టాలి. యాంప్ నుంచి పెద్దదానికి, పెద్దదాన్నుంచి చిన్నదానికి, చిన్నదాన్నుంచి తిరిగి యాంప్‌కు. అప్పుడు అడ్డు ఆరు. పెద్దది రెండు వంతులు తింటుంది, చిన్నది ఒక వంతు. ఎవరి తిండి వారికి సరిపోతుంది.

రెంటికీ కలిపి ఒకే చెక్కపెట్టె. పన్నెండు అంగుళాల కన్నంలో పది అంగుళాలది కూర్చోవాలంటే ప్లైవుడ్ రింగు కోయాలి. కోశాడు. పెద్దదానికి వైర్లు బిగించాడు. పెట్టెను డిక్కీలోకి ఎత్తేటప్పుడు నడుములో ఏదో పట్టుకుంది. పెట్టెను జారవిడవలేదు. దింపి, కారు పట్టుకుని నిలబడి, "ఒరేయ్" అని ఒక్క మాట అన్నాడు. బావమరిది వచ్చి బల్లదాకా నడిపించాడు.

"ఆ చిన్నదాని వైర్లు నువ్వు కట్టు," అన్నాడు మేస్త్రీ పడుకున్నాక.

బావమరిది కదల్లేదు. "నువ్వు విప్పిన బండి బావా ఇది."

"తెలుసు."

"అక్కకి తెలిస్తే?"

"అక్కకి నా నడుము సంగతి కూడా తెలియాలిగా. రెండూ ఒకేసారి చెబుదాం."

షాపులో అదొక కట్టుబాటు. ఒకరు విప్పిన బండిని ఇంకొకరు ముట్టకూడదు. పదకొండేళ్ళ కిందట, ఇద్దరూ కలిసి షాపు పెట్టిన మొదటి నెలలో ఒక కారును చెరో వైపు నుంచీ బిగించారు. సాయంత్రం నేల మీద రెండు స్క్రూలు మిగిలాయి. ఎవరివన్నది తేలలేదు. గొడవ ఇంటిదాకా, కంచాల దాకా వచ్చింది. మేస్త్రీ భార్య, అంటే ఇతని అక్క, వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. ఇకనుంచి ఎవరి బండి వాళ్ళదే, కలిసి ముడితే ఇద్దరికీ అన్నం లేదంది. ఆ తర్వాత స్క్రూలు మిగల్లేదు.

పన్నెండూ ఇరవై తర్వాత బావమరిది వైర్లన్నీ మళ్ళీ వేలితో తడిమాడు. మీటరు పెట్టాడు.

"ఆరు చూపిస్తోంది బావా."

"అయితే ఎక్కడా తెగలేదు. బ్యాటరీ పెట్టి చూశావా?"

"చూశాగా. స్పీకర్ పొర బయటికే వచ్చింది."

వైర్ల ప్లస్, మైనస్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పద్ధతి అది. స్పీకర్ ప్లస్ వైరుకు చిన్న బ్యాటరీ ప్లస్‌ను, మైనస్‌కు మైనస్‌ను తగిలిస్తే పొర బయటికి పొంగాలి. లోపలికి పోతే తిరగబడ్డట్టు. మేస్త్రీ పెద్దదానికి అలాగే చూసుకున్నాడు. బావమరిది చిన్నదానికి చూసుకున్నాడు. ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు.

"నేను ముందే చెప్పా," అన్నాడు బావమరిది. "ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగుతుందని ఊరికే అనలేదు. రెంటినీ ఒకే కాడికి కట్టావు."

"కాడి నేను కట్టలేదు. వాళ్ళ తోడల్లుడు కట్టాడు."

కుర్చీలో ఉన్న ఆమె నవ్వబోయింది. ఆవలింత అడ్డొచ్చింది.

ఒంటిగంట నుంచి మూడుదాకా వెతికారు. యాంప్ నుంచి కారు బాడీకి దిగే వైరు కింద పెయింటు గీకి మళ్ళీ బిగించాడు బావమరిది. ఫ్యూజు మార్చాడు. స్టీరియో నుంచి వచ్చే వైరు మార్చాడు. అలమరలోంచి వేరే యాంప్ తీసి కట్టాడు. పెద్దది ఒక్కటే అయితే మోత. చిన్నది ఒక్కటే అయితే మోత. కలిస్తే లేదు. ప్రతిసారీ బల్ల మీంచి ఒకే ప్రశ్న వెళ్ళేది, డిక్కీలోంచి ఒకే జవాబు వచ్చేది. మధ్యలో సీటు కవర్ల కోసం ఒకాయన కారు ఆపి హారన్ కొట్టాడు. రేపు రమ్మన్నారు. ఆయన పిల్లాడి ఏడుపు విని, అడక్కుండానే ఎల్లుండి వస్తానన్నాడు.

బేకరీ అతను మూడుసార్లు వెళ్ళి టీ తెచ్చాడు. మూడోసారి డబ్బాలో ఎవరూ తాగని రెండో విడత టీ అలాగే ఉంది. దాన్ని చూసి, తను తెచ్చింది దాని పక్కన పెట్టి, మళ్ళీ టైర్లకు ఆనుకున్నాడు.

"కూర్చోరాదూ," అంది భార్య.

"కూర్చుంటే పడుకుంటా."

"పడుకో."

"వీడి ఏడుపుకి లేస్తా. లేస్తే తల పగులుద్ది. నిలబడితేనే నయం."

మేస్త్రీ మాత్ర వేసుకుని గంటన్నర అయింది. నొప్పి తగ్గలేదు, నొప్పి మీద మాత్రం ఆసక్తి తగ్గింది. ఈ పని మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళు. డిక్కీల్లోకి, సీట్ల కిందకి, డాష్‌బోర్డుల వెనక్కి దూరి దూరి నడుము ఎప్పటినుంచో వాయిదాలు అడుగుతోంది. ఇవాళ ఇక కుదరదంది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ ఆరు చూపిస్తున్న మీటరు, బయటికి పొంగిన పొరలు, పనిచేస్తున్న యాంపు, ఇన్ని సరిగ్గా ఉండి మోత ఎందుకు రాదో అతనికి అంతుపట్టలేదు. ఎవరూ తప్పు చేయని చోట తప్పు వెతకడం కష్టం.

మూడున్నరకు బావమరిది వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. చొక్కా వీపున తడిసి ఉంది.

"బావా, ఆ చిన్నదాన్ని తీసేద్దాం. కన్నానికి పలక కొడదాం. పెద్దది ఒక్కటే మోగనీ."

"పాత మోత రాదురా. పక్కనోడు లేకపోతే అదొక్కటే అంత గాలి తొయ్యలేదు. సీటు వణకదు. సీటు వణక్కపోతే వాడు మోసపోడు."

"అసలు లేనిదానికన్నా నయం కదా. వాళ్ళ మొహాలు చూడు."

మేస్త్రీ మోచేతి మీద కాస్త లేచి చూశాడు. పిల్లాడు ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళలోకి దిగాడు. తల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు.

"సరే. పలక తే."

బావమరిది వీధి చివర వడ్రంగి షాపుకు బయల్దేరాడు.

మేస్త్రీ ఒక నిమిషం పడుకున్నాడు. తర్వాత పక్కకు దొర్లి, బల్ల అంచు పట్టుకుని, కాళ్ళు కిందకి దించాడు. నిలబడటానికి రెండుసార్లు ప్రయత్నించాడు. గోడ పట్టుకుని, తర్వాత షట్టర్ పట్టుకుని, తర్వాత కారు పట్టుకుని వెనక తలుపు దాకా వచ్చాడు. డిక్కీలోకి వంగడం అతని వల్ల కాదు. వెనక సీట్లో పక్కకు కూర్చోగలడు. యాంప్ ముందు సీటు కింద ఉంది. దాన్నుంచి డిక్కీకి పోయే రెండు వైర్లనూ విప్పాడు. మీటరు వెనక మూత తీసి తొమ్మిది వోల్టుల బ్యాటరీని బయటికి లాగాడు.

"అమ్మా, నీకో పని చెప్పనా?"

ఆమె లేచింది.

"డిక్కీ ముందు నిలబడు. రెండు స్పీకర్లనీ ఒకేసారి చూడు. నేను ఇక్కణ్ణుంచి తగిలిస్తా. ఏది ఎటు కదిలిందో చెప్పు చాలు."

ఆమె బిడ్డను భర్తకు అందించి డిక్కీ ముందు నిలబడింది. మేస్త్రీ బ్యాటరీని వైర్లకు తగిలించాడు. ఇప్పటిదాకా ఎవరి స్పీకర్‌కు వాళ్ళు పెట్టుకున్నారు. గొలుసు మొత్తానికి ఒకేసారి పెట్టింది ఇదే.

"పెద్దది బయటికొచ్చిందన్నా."

"చిన్నది?"

"చిన్నది లోపలికి పోయింది."

"మళ్ళీ చూడు."

"అదే. ఇది బయటికి, అది లోపలికి."

"ఇంకోసారి."

"అన్నా, నాకు నిద్ర లేదు కానీ కళ్ళున్నాయి."

మేస్త్రీ బ్యాటరీని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకే పెట్టెలో ఒక స్పీకర్ గాలిని తోస్తుంటే ఇంకోటి పీలుస్తోంది. పొద్దుట్నుంచీ రెండూ ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తున్నాయి. ఒకటి చేసినదాన్ని ఇంకోటి చెరిపేస్తోంది.

బావమరిది పలక చంకలో పెట్టుకుని వచ్చాడు. వెనక సీట్లో బావను చూసి ఆగాడు.

"ఎందుకు లేచావు?"

"ఒరేయ్, ఈ వైరుకి తెల్ల చార ఉంది కదా."

"ఉంది."

"చార ఉన్నది ఏంటి?"

"ఏంటంటే?"

"ప్లస్సా, మైనస్సా?"

బావమరిది పలకను కిందకి దించాడు. ఇది పరీక్షేమోనని ఒకసారి బావ మొహం చూశాడు. "మైనస్. చార అంటే రిటర్న్, కరెంటు తిరిగొచ్చే వైరు కదా బావా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేముంది? ఈ షాపుకు ముందు ఇళ్ళ వైరింగులో తొమ్మిదేళ్ళు చేశాను. గుర్తు పెట్టిన వైరు ఎప్పుడూ రిటర్నే."

"నాకు ప్లస్."

"ఏంటీ?"

"చార ఉన్నది నాకు ప్లస్‌రా. మొదట్నుంచీ. నాకు పని నేర్పినాయనకీ అంతే."

బావమరిది వంగి వైరు కొసను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"పదకొండేళ్ళు," అన్నాడు బావమరిది.

"ఊఁ."

"ఒకే చుట్టలోంచి కోసుకుంటున్నాం బావా వైరు."

"ఊఁ."

మేస్త్రీ తను కట్టిన కార్లను తలుచుకున్నాడు. బావమరిది కట్టిన కార్లనూ తలుచుకున్నాడు. ఎవరి బండి వాళ్ళు మొదలుపెట్టి వాళ్ళే ముగించారు. మొదటి నుంచి చివరిదాకా చార ప్లస్ అయితే ఇబ్బంది లేదు, మైనస్ అయినా ఇబ్బంది లేదు. ఒక్క కారూ తిరిగి రాలేదు. ఒక్క చుట్ట వైరును ఇద్దరూ రెండు రకాలుగా చదువుకుంటూ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఒకే కుటుంబంలో నెట్టుకొచ్చారు. అడగాలని ఎవరికీ తోచలేదు. ఎవరైనా ఎందుకు అడుగుతారు?

"ఇంతకీ తప్పెవరిదంటావు?" అని అడిగాడు బావమరిది.

"ఇంటికెళ్ళాక మీ అక్క చెబుతుంది. ముందు దాన్ని తిప్పికట్టు."

తిప్పికట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మేస్త్రీ యాంప్ వైర్లు బిగించి, దాని మోత పెంచే మీటను పావు వంతు దగ్గర పెట్టి, "పసివాడి చెవులు. ఇంతకు మించి పెంచొద్దు," అని బేకరీ అతనికి చూపించాడు. బేకరీ అతను తన ఫోన్ కలిపాడు.

నాలుగూ ఐదుకు ఓవెన్ బ్లోయర్ మోత కారులోకి వచ్చింది. అది చెవికంటే ముందు తొడలకు తెలిసింది. సీటు వణికింది. కారు కప్పు మీద బావమరిది పెట్టిన స్క్రూడ్రైవర్ జరుగుతూ జరుగుతూ వెళ్ళి కింద పడింది.

పిల్లాడు ఎక్కిళ్ళు ఆపాడు. తండ్రి భుజం మీంచి తల ఎత్తి చుట్టూ చూశాడు. మళ్ళీ ఏడవడానికి నోరు తెరిచి, ఎందుకో మూశాడు.

"తిప్పాలి," అంది తల్లి. "కదిలితేనే పూర్తిగా పడుకుంటాడు."

బేకరీ అతను తాళాల కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ముందు ఎడమ జేబులో, తర్వాత కుడి జేబులో, మళ్ళీ ఎడమ జేబులో వెతికాడు. తాళాలు కారుకే ఉన్నాయి.

"నువ్వు నడపొద్దయ్యా," అన్నాడు మేస్త్రీ. "వెనక కూర్చో. ఒరేయ్, నువ్వెళ్ళు."

"ఎక్కడికి బావా?"

"ఎక్కడికీ కాదు. తిప్పు."

"పెట్రోలు?"

"ఉన్నంతసేపూ తిప్పు. అయిపోతే పోయించు. గుంతల్లేని రోడ్డు చూసుకో."

బేకరీ అతను భార్య పక్కన ఎక్కాడు. బిడ్డ ఇద్దరి మధ్య సీట్లో ఉన్నాడు. ఎక్కేముందు ఆమె మేస్త్రీ వైపు తిరిగింది.

"నువ్వు కూడా పడుకో అన్నా. నిలబడలేకపోతున్నావు."

"నిలబడితేనే నయం అన్నాడుగా మీ ఆయన."

"ఆయన మాట వినే ఇలా ఉన్నాం," అంది ఆమె, తలుపు వేసుకుంది.

కారు వీధి మలుపు తిరిగింది. అది కనిపించకుండా పోయిన తర్వాత కూడా ఒక క్షణం మోత షట్టర్ రేకులో వినిపించింది.

మేస్త్రీ బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళడానికి వచ్చినప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. పడుకుని భార్యకు ఫోన్ చేశాడు. నడుము సంగతి చెప్పాడు. తర్వాత వైరు సంగతి చెప్పాడు.

"విప్పిందెవరు?" అంది ఆమె.

"నేను."

"బిగించింది?"

"వాడు."

"నేనేం చెప్పాను?"

"చెప్పావు."

అవతల కాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. "వేణ్ణీళ్ళు పెడతా. ఇద్దరూ కలిసే రండి," అని పెట్టేసింది.

నాలుగూ యాభైకి బావమరిది ఫోన్ చేశాడు. గొంతు గుసగుసగా ఉంది. వెనక బ్లోయర్ మోత.

"పిల్లాడు పడుకున్నాడు బావా."

"వాళ్ళు?"

"ఆయన మొదటి మలుపులోనే పడుకున్నాడు. ఆమె కొంచెంసేపు చూసింది. ఇప్పుడు ఆమె కూడా. నాకూ వస్తోంది."

"నీకు రాకూడదు. అద్దం దించుకో."

"దించితే పిల్లాడికి గాలి."

"నీ వైపు వేలెడంత దించు. ఆపకు."

ఆ తర్వాత గంటా ముప్పావు ఫోన్ రాలేదు. మేస్త్రీ రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మోగితే బిడ్డ లేస్తాడని చేయలేదు.

ఆరూ ముప్పై అయిదుకు బావమరిది పెట్రోలు బంకు నుంచి ఫోన్ చేశాడు. ఇంజను ఆపానని చెప్పాడు. స్టీరియో ఆపలేదని చెప్పాడు. వెనక నిద్రపోతున్న ముగ్గురిలో ఎవరూ కదల్లేదని చెప్పాడు.